టిప్పు గీత వెనక లెక్క

ఒక శుక్రవారం రాత్రి డాలస్ దగ్గర ఒక రెస్టారెంట్‌లో ఏడుగురం భోంచేశాం. బిల్లు రాగానే మామూలు యుద్ధం మొదలైంది, నేనిస్తానంటే నేనిస్తానని. అందరికంటే ముందు సర్వర్ చేతిలో కార్డు పెట్టేసి నేను గెలిచాను. అంత పోరాడి గెలిచాక అందరి ముందూ కూర్చుని బిల్లు లైను లైను చదివితే ఏం బాగుంటుంది? కింద టిప్పు ఎంతివ్వాలో 18, 20, 22 శాతం అని మూడు సలహాలు అచ్చేసి ఉన్నాయి. మధ్యది 60 డాలర్ల 60 సెంట్లు. చిల్లర వదిలేసి 60 రాసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చాక రసీదు తీసి చూశాను. తిన్నది 240 డాలర్లకి. సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, అంటే 19.80. ఆ రెండిటి మధ్య సన్నటి అక్షరాల్లో ఇంకో లైనుంది: గ్రాట్యుటీ 18 శాతం, 43.20. టేబుల్ దగ్గర ఆరుగురు దాటితే ఈ టిప్పు లాంటిది వాళ్ళే కలిపేస్తారట. మొత్తం 303. దాని మీద నేను మళ్ళీ 60 రాశాను. 240 డాలర్ల భోజనానికి 103 డాలర్ల పైచిలుకు, 43 శాతం! పైగా ఆ మూడు సలహాలు కూడా 303 మీద వేసినవే. పన్ను మీదా శాతమే, అప్పటికే తీసేసుకున్న గ్రాట్యుటీ మీదా శాతమే.

ఆ రాత్రి కోపంతో మొదలుపెట్టి ఈ టిప్పు సంగతంతా తవ్వాను. సేవ నచ్చితే సంతోషంగా ఇచ్చే డబ్బు అని మనం అనుకుంటాం. చట్టం అలా అనుకోవడం లేదు. టెక్సస్‌లో నేనిచ్చే టిప్పులో మొదటి కొన్ని డాలర్లు సర్వర్‌కి అదనంగా చేరవు. యజమాని ఇవ్వాల్సిన జీతాన్ని అంతమేరకు తగ్గిస్తాయి.

అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, 2009 నుంచి అక్కడే ఉంది. నెలకి 30 డాలర్లకి మించి టిప్పులొచ్చే ఉద్యోగికి మాత్రం యజమాని తన జేబులోంచి గంటకి 2.13 ఇస్తే సరిపోతుంది. మిగతా 5.12 టిప్పుల్లోంచి వచ్చినట్టు లెక్క రాసుకోవచ్చు. దీన్నే టిప్ క్రెడిట్ అంటారు. పేరు వింటే సర్వర్‌కేదో జమ అవుతున్నట్టు ఉంటుంది, జమ అయ్యేది యజమానికి.

ఆ 2.13 ఎక్కడిది? 1938లో కనీస వేతనాల చట్టం వచ్చినప్పుడు రెస్టారెంట్ పనివాళ్ళు దాని పరిధిలోనే లేరు. 1966 సవరణతో లోపలికి వచ్చారు, కానీ సగం జీతం టిప్పుల్లోంచి లెక్కేసుకోవచ్చన్న వెసులుబాటుతో కలిపి వచ్చారు. 1991లో కనీస వేతనం 4.25 అయింది, అందులో సగం 2.13. 1996లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఈ రెండు అంకెల మధ్య ముడి తెంపేసింది. కనీస వేతనం ఆ తర్వాత పెరిగింది, 2.13 మాత్రం పెరగలేదు. 1991లో పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళై, సర్వర్లుగా పనిచేసి, మానేసి, తమ పిల్లల్ని తీసుకుని భోజనానికి వస్తున్నారు. అంకె అదే.

టిప్పులు సరిగా రాకపోతే? అప్పుడు యజమాని తేడా కట్టి 7.25కి తేవాలని చట్టంలోనే ఉంది. వినడానికి భరోసాగానే ఉంటుంది. అసలు మెలిక ఆ తేడాని ఎప్పుడు లెక్కేస్తారన్న దగ్గరుంది.

ఒక సర్వర్ అమ్మాయి వారాన్ని ఊహించుకుందాం. మంగళవారం మధ్యాహ్నం ఐదు గంటల షిఫ్ట్. జనం లేరు. ఆమె టేబుళ్ళన్నీ కలిపి 180 డాలర్ల అమ్మకం, 16 శాతం లెక్కన 28.80 టిప్పులు. అది మొత్తం ఆమెది కాదు. గిన్నెలెత్తి టేబుల్ తుడిచే బస్సర్‌కి, వంటింట్లోంచి ప్లేట్లు తెచ్చే ఫుడ్ రన్నర్‌కి, డ్రింకులు కలిపే బార్‌టెండర్‌కి వాటా పంచాలి. దీన్ని టిప్ అవుట్ అంటారు. చాలా చోట్ల దీన్ని వచ్చిన టిప్పు మీద కాకుండా జరిగిన అమ్మకం మీద వేస్తారు. 5 శాతం అనుకుంటే 9 డాలర్లు. చేతిలో మిగిలింది 19.80. జీతం 2.13 చొప్పున 10.65. మొత్తం 30.45, అంటే గంటకి 6 డాలర్ల 9 సెంట్లు. కనీస వేతనం కంటే తక్కువ.

శుక్రవారం రాత్రి అదే ఐదు గంటలు. 900 డాలర్ల అమ్మకం, 18 శాతం చొప్పున 162 టిప్పులు, 45 పంచేశాక 117. జీతంతో కలిపి 127.65, గంటకి 25 డాలర్ల పైనే.

ఇప్పుడు యజమాని మంగళవారం తేడా కట్టాలా? అక్కర్లేదు. చట్టం లెక్కేసేది రోజుకి కాదు, షిఫ్ట్‌కీ కాదు, వారం మొత్తానికి. శుక్రవారం మనం ఇచ్చింది మంగళవారం లోటుని పూడుస్తుంది. ఖాళీ రోజున కొట్టు తెరిచి ఉంచడానికయ్యే జీతం ఖర్చులో చాలా భాగం సర్వర్ భుజాన పడుతుందన్నమాట, శుక్రవారం వచ్చినవాళ్ళ డబ్బుతో.

టిప్ అవుట్ సంగతి తెలిశాక నాకు ఇంకోటి కూడా అర్థమైంది. 100 డాలర్ల బిల్లుకి ఒకాయన సున్నా పెట్టి వెళ్ళిపోతే ఆమెకి రావాల్సింది రాకపోవడమే కాదు, బస్సర్‌కీ బార్‌టెండర్‌కీ ఇవ్వాల్సిన 5 డాలర్లు ఎదురు ఆమె మీదే పడతాయి. ఆయనకి వడ్డించినందుకు ఆమె డబ్బులు కట్టినట్టు! సర్వీస్ నచ్చకపోతే టిప్పు తగ్గించడం మన హక్కే. కానీ సున్నా పెట్టేముందు ఈ ముక్క గుర్తుండాలి. వంట ఆలస్యమైనా, ఉప్పెక్కువైనా, ఏసీ పనిచేయకపోయినా ఆ కోపమంతా ఒక్క సర్వర్ గీత మీదే పడుతుంది, ఎందుకంటే మనకి ఖాళీగా కనబడేది ఆ ఒక్క గీతే. మేనేజర్‌ని పిలిచి చెబితే బిల్లులో ఆ ఐటమ్ తీసేస్తారు. నాకు తెలిసి చాలామంది ఆ నాలుగు మాటలు మాట్లాడటానికి మొహమాటపడి, 10 శాతం రాసి లేచిపోతారు. ఆ 10 ఎందుకో వంటవాడికి ఎప్పటికీ తెలియదు.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది కాదు. యూరప్ వెళ్ళొచ్చిన డబ్బున్నవాళ్ళు 19వ శతాబ్దంలో మోసుకొచ్చారు. మొదట్లో జనానికి ఇది అస్సలు నచ్చలేదు. ఒక మనిషి ఇంకో మనిషి ముందు చెయ్యి చాచడం ప్రజాస్వామ్యానికి తగదని వాదించారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుల్ని ఏకంగా నిషేధించింది, ఇంకో ఐదు రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1926 కల్లా అన్నీ ఆ చట్టాల్ని ఎత్తేశాయి.

నిలబడిపోవడానికి కారణం అంత అందమైనది కాదు. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళకి దొరికిన కొద్ది పనుల్లో రైళ్ళలో, హోటళ్ళలో సేవ చేయడం ఒకటి. వాళ్ళకి జీతం నామమాత్రంగా ఇచ్చి, మిగతాది ప్రయాణికుల దగ్గర తెచ్చుకోమనడం యజమానులకి కలిసొచ్చింది. జార్జ్ పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లోని పోర్టర్లు అలాగే బతికారు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుని, పన్నెండేళ్ళు కొట్లాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. రెస్టారెంట్ సర్వర్లలో చాలామంది వెనక అలాంటి యూనియన్ లేదు. వాళ్ళకి 1966లో దొరికింది ఆ సగం జీతపు చట్టమే.

టిప్పు ఉంటే సర్వీస్ బాగుంటుంది కదా అనేది మామూలుగా వినబడే వాదన. దీని మీద కార్నెల్ యూనివర్సిటీలో మైకేల్ లిన్ అనే ప్రొఫెసర్ దశాబ్దాలుగా పరిశోధన చేశారు. సర్వీస్ ఎంత బాగుందన్న దానికీ, ఇచ్చిన టిప్పు శాతానికీ సంబంధం ఉంది కానీ చాలా బలహీనమైనదని ఆయన లెక్కలు చెబుతున్నాయి. మనం ఎక్కువగా మన అలవాటు ప్రకారమే ఇస్తాం. 20 రాసేవాడు ఎక్కడైనా 20కి దగ్గర్లోనే రాస్తాడు, 15 వాడు 15కి. చిన్న చిన్న విషయాలు మాత్రం బాగా పనిచేస్తాయి. బిల్లుతోపాటు చిన్న చాక్లెట్ పెడితే టిప్పు పెరిగిందని ఒక ప్రయోగంలో తేలింది. బిల్లు వెనక నవ్వుతున్న బొమ్మ గీస్తే ఆడ సర్వర్లకి పెరిగిందని, మగవాళ్ళకి పెరగలేదని 1996లో వచ్చిన ఇంకో ప్రయోగం. నవ్వొస్తుంది గానీ, అందులో నవ్వాల్సిందేమీ లేని ముక్క కూడా ఉంది. ఒకే రెస్టారెంట్‌లో నల్లజాతి సర్వర్లకి తెల్లవాళ్ళకంటే తక్కువ టిప్పులు వచ్చాయని లిన్, ఆయన సహచరులు 2008లో ప్రచురించారు. జీతాలిచ్చేటప్పుడు మేనేజర్ అలాంటి తేడా చూపిస్తే కోర్టుకెళ్ళొచ్చు. ఆ తేడా చూపించింది నాలాంటి కస్టమర్లయితే ఎవరి మీద కేసు వేస్తారు?

ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వేల సంస్థ 2023లో దాదాపు 12 వేల మందిని అడిగింది. టిప్పు ఇచ్చేటప్పుడు సర్వీస్ నాణ్యత ఒక ముఖ్యమైన కారణమని 77 శాతం అన్నారు. పైన చెప్పిన లెక్కలతో పక్కపక్కన పెట్టి చూస్తే, మన గురించి మనం చెప్పుకునేదీ చేసేదీ ఒకటి కావని తెలుస్తుంది. అదే సర్వేలో ఇంకో ముక్క నన్ను ఆశ్చర్యపరిచింది. మామూలు సర్వీస్ దొరికిన ఒక మామూలు భోజనానికి 15 శాతం లేదా అంతకంటే తక్కువే ఇస్తామని 57 శాతం మంది చెప్పారు. 20 ఇవ్వకపోతే అనాగరికులమనే టెన్షన్ మనకి బిల్లు కట్టే స్క్రీన్ల మీది సలహాలు పెట్టినదే.

మరి మొత్తం తీసేసి జీతాలే పెంచొచ్చు కదా? ఏడు రాష్ట్రాలు జీతం సంగతి ఎప్పుడో తేల్చేశాయి. కాలిఫోర్నియా, ఆరెగన్, వాషింగ్టన్, నెవాడా, అలాస్కా, మోంటానా, మిన్నెసోటాల్లో టిప్ క్రెడిట్ లేదు. సర్వర్‌కి ముందు పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, టిప్పు ఆపైన. మన టిప్పు జీతానికి బదులైతే అక్కడ తగ్గాలి. సియాటిల్‌లోనూ, శాన్ ఫ్రాన్సిస్కోలోనూ రసీదు కింద కనబడేవి అవే 18, 20, 22. అంటే చట్టం ఒక దారి, మర్యాద ఇంకో దారి. నా వాదనకి ఇది కొంచెం గండి కొట్టే విషయమే, ఒప్పుకుంటాను.

న్యూయార్క్‌లో డానీ మేయర్ చేసిన ప్రయోగం ఇంకా బాగా తెలియజెబుతుంది. పెద్ద పేరున్న రెస్టారెంట్ గ్రూప్ ఆయనది. 2015లో టిప్పులు ఎత్తేసి ఆ ఖర్చుని మెనూ ధరల్లోనే కలుపుతామని ప్రకటించారు. ఆయన బాధ వంటవాళ్ళ గురించి. ధరలు పెరిగినకొద్దీ శాతంలో సర్వర్ల టిప్పులూ పెరుగుతూ పోయాయి, వెనక పొయ్యి దగ్గర నిలబడేవాడి జీతం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆలోచన న్యాయమైనదే. కానీ వేరే చోట టిప్పులతో ఎక్కువ సంపాదించగల సర్వర్లు కొందరు వెళ్ళిపోయారు. పక్కవాడి మెనూలో పాత ధర, ఈయన మెనూలో అన్నీ కలిపిన ధర. తినేవాడు మెనూ చూసేటప్పుడు టిప్పు కలుపుకుని పోల్చడు. 2020 జులైలో ఆయన ఆ పద్ధతి మానేశారు.

మెయిన్ రాష్ట్రంలో 2016లో ఓటర్లు టిప్ క్రెడిట్ తీసేయమంటే, మరుసటి ఏడాది శాసనసభ తిరిగి తెచ్చింది. తెమ్మని ఒత్తిడి చేసినవాళ్ళలో సర్వర్లే ఉన్నారు. శుక్రవారం రాత్రి గంటకి 25, 30 సంపాదించే సర్వర్‌కి 15 డాలర్ల స్థిరమైన జీతం వరంలా కనబడదు. మసాచుసెట్స్‌లో 2024లో ఇదే ప్రశ్న బ్యాలెట్ మీదికొస్తే ఓటర్లు వద్దన్నారు. వాషింగ్టన్ డీసీలో 2018లో ప్రజలు అవునన్నారు, కౌన్సిల్ రద్దు చేసింది. 2022లో మళ్ళీ అవునన్నారు, 2025లో కౌన్సిల్ మళ్ళీ బ్రేకులు వేసింది. మంగళవారం మధ్యాహ్నం షిఫ్ట్ మాత్రమే దొరికే సర్వర్ ఈ గొడవల్లో ఎక్కడా పెద్దగా వినబడదు.

ఇంక మర్యాద సంగతి. కూర్చోబెట్టి వడ్డించే చోట 18 నుంచి 20 శాతం, పన్ను కలపకముందు మొత్తం మీద. కూపన్ వాడితే కూపన్ లేకపోతే ఎంతయ్యేదో దాని మీద, ఆమె మోసిన ప్లేట్లు తగ్గలేదు కాబట్టి. బఫేలో మనమే వడ్డించుకుంటాం, 10 చాలు. తిన్నాక రెండు గంటలు కబుర్లు చెబుతూ కూర్చుంటే ఆ టేబుల్ మీద ఆమెకి రావాల్సిన ఇంకో బిల్లు పోయినట్టే, కొంచెం ఎక్కువ పెట్టడం న్యాయం. ఇది మనవాళ్ళందరికీ చెప్పాలి, ముఖ్యంగా నాకు. ఏడుగురికి ఏడు బిల్లులు కావాలంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, చివర్లో కాదు. కౌంటర్ దగ్గర కాఫీ అందించి తిప్పి చూపించే స్క్రీన్ విషయంలో నాకు మొహమాటం లేదు. కౌంటర్ పనికి చాలా చోట్ల పూర్తి వేతనం ఇస్తారు. 'నో టిప్' నొక్కి, వెనక లైన్లో ఉన్నవాడి వైపు చూడకుండా కాఫీ తీసుకుంటాను.

క్యాష్ ఇస్తే మంచిదా అని చాలామంది అడుగుతారు. కార్డు మీద ఇస్తే కార్డు కంపెనీ వసూలు చేసే రెండు మూడు శాతాన్ని ఆ టిప్పు మేరకు సర్వర్ దగ్గర కోసుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఒప్పుకోదు. క్యాష్‌కి ఆ బాధ లేదు. పన్ను మాత్రం రెండిటికీ ఒకటే. నెలకి 20 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తే యజమానికి చెప్పి లెక్కలో చూపించాల్సిందే. ఏది ఇచ్చినా యజమానికీ, మేనేజర్‌కీ అందులో వాటా ఉండకూడదని 2018లో చట్టం వచ్చింది.

బిల్లులో చదవాల్సిన లైను మాత్రం ఒకటుంది, నేను చదవనిది. 'టిప్పు', 'సర్వీస్ ఛార్జ్' అనే రెండు మాటలు చట్టంలో వేరువేరు. ఎంతివ్వాలో మన ఇష్టమై, మనమే రాస్తే అది టిప్పు. వాళ్ళే కలిపేస్తే, దాని పేరు గ్రాట్యుటీ అని రాసినా సరే, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని సర్వీస్ ఛార్జ్‌గానే చూస్తుంది. 2014 నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. సర్వీస్ ఛార్జ్ మొదట రెస్టారెంట్ ఆదాయం. అందులోంచి సర్వర్‌కి ఇస్తే అది జీతం కిందికొస్తుంది, మొత్తం ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టంలో లేదు. కాబట్టి ఆ లైను కనబడితే అడగడంలో తప్పులేదు: ఇది మీకే వస్తుందా?

2025 జులైలో వచ్చిన కొత్త పన్ను చట్టంతో ఈ తేడాకి ఇంకో విలువ వచ్చింది. 2025 నుంచి 2028 దాకా, ఏడాదికి 25 వేల డాలర్ల వరకు టిప్పుల మీద ఫెడరల్ ఆదాయపన్ను మినహాయింపు ఉంది. జీతంలోంచి పోయే సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) కోతలు మామూలే. ఆ మినహాయింపు కస్టమర్ తనంతట తానిచ్చిన టిప్పుకే, రెస్టారెంట్ కలిపేసిన 18 శాతానికి లేదు.

మర్నాడు ఆ రెస్టారెంట్‌కి ఫోన్ చేశాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు, ఇలాంటి ఫోన్లు అలవాటున్నట్టుంది. 43.20 బిల్లులో భాగం కాబట్టి అలాగే ఉంటుందట, నా 60 మాత్రం కార్డుకి వెనక్కి వేస్తానన్నాడు. సరేననబోయి ఆగాను. ఆ రాత్రి ఏడుగురికి నీళ్ళ గ్లాసులు ఖాళీ కానివ్వకుండా తిరిగిన అమ్మాయికి, చట్టం లెక్కలో మా టేబుల్ నుంచి వెళ్ళిన టిప్పు ఆ 60 ఒక్కటే.

ఇరవై ఉంచి నలభై వెనక్కి వేయమన్నాను.